పొడుగు దిబ్బ దగ్గర బుడగలు

బౌబౌ
6 అక్టోబరు 1995

హస్నియా అక్కకు తమ్రిన్ సలాములు.

నేను కులాసా. ఎండకు ఇంకాస్త నల్లబడ్డాను, అంతే. పోయిన ఉత్తరంలో "ఆ ఓడలో నీ పనేమిట్రా, తెల్లవాళ్ళ సంచులు మొయ్యడమేనా" అని ఎత్తిపొడిచావు కదా. ఇక ఆ మాట అనడానికి వీల్లేదు. మా పెద్ద గైడు బాలీలో పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఈ ప్రయాణం నుంచి నీళ్ళలో అందరికీ ముందు వెళ్ళేది నేనే.

ఓడ పదిహేనో తారీకున బయల్దేరుతుంది. వాంచి, కలెదుపా దీవులు చూసుకుని ఇరవై ఒకటి, ఇరవై రెండు తారీకుల్లో మన తోమియా దగ్గర ఉంటాం. తర్వాత బినొంకో, అక్కణ్ణుంచి వెనక్కి. వచ్చేవాళ్ళు రోజుకి మూడుసార్లు వీపుకి గాలి సిలిండర్లు కట్టుకుని నీళ్ళలోకి దిగుతారు. పైకొచ్చి తింటారు, మళ్ళీ దిగుతారు. "చేపని చూసి వదిలెయ్యడానికి ఇన్ని సముద్రాలు దాటొస్తారా వీళ్ళు" అని మా వంటవాడు ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు.

అక్కా, ఇక అసలు సంగతి. ఆ రెండు రోజులూ బావ చేపల కోసం నీళ్ళలో బాంబులు వెయ్యకుండా ఉంటే బాగుండును. మానడం కుదరదంటావేమో. అలాగైతే ఏ పగడపు దిబ్బ దగ్గరికి వెళ్తాడో నాకు ముందే రాయి, నేను వీళ్ళని ఇంకో వైపు తీసుకెళ్తాను. పైనుంచి చూసేవాళ్ళకి తెలియదు గానీ, నీళ్ళలో ఉన్నప్పుడు ఎక్కడో దూరాన పేలినా గుండెల మీద గుద్దినట్టు ఉంటుంది. దగ్గర్లో పేలితే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. మనిషైనా చేపైనా ఒకటే.

నీకు తెలిసి ఉండడం మంచిదని ఇంకోటి కూడా రాస్తున్నాను. మా కెప్టెన్ దాయెంగ్ నాబా దగ్గర రేడియో ఉంది. బాంబులేసే పడవ కనిపిస్తే చెప్పమని గస్తీ వాళ్ళు ఆయన్ని అడిగారట. నేనింతవరకు నోరు విప్పలేదు.

పదిహేనులోపు జవాబు అందేలా రాయి.

నీ తమ్ముడు
తమ్రిన్


తోమియా
11 అక్టోబరు 1995

తమ్రిన్‌కు మీ అక్క దీవెనలు.

నీకు పెద్ద పని ఇచ్చినందుకు సంతోషం. అమ్మ ఉండి ఉంటే ఈపాటికి ఊరంతా చెప్పి వచ్చేది. నేను ముగ్గురికే చెప్పాను.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన చదువుకోలేదు కాబట్టి ఏదైనా వదిలేసినా తెలియదనుకున్నాను. గస్తీ అన్న చోట ఆగాను. "ఆగావేం? అక్కడేముందో అదీ చదువు" అన్నాడు. చదివాను. వలని పక్కన పెట్టాడు. తర్వాత, "ఇంతవరకు నోరు విప్పలేదన్నాడు. అంటే ఇకముందు విప్పుతాడనేగా?" అన్నాడు.

నీ మనసులో ఏముందో నాకు తెలియదురా. పోయినేడు మన ఊరి లా దినిని, బాంబులేస్తున్నాడని గస్తీ వాళ్ళు పట్టుకుపోయింది నీకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు రోజే సిలిండర్ల వాళ్ళ ఓడ ఒకటి ఇక్కడ లంగరు వేసింది. అతని పడవని ఒడ్డునే తగలబెట్టారు. వాళ్ళావిడ ఇప్పుడు ఇంటింటికీ తిరిగి పెండలం తురిమి పెడుతోంది. ఆ ఓడ వాళ్ళే చెప్పారని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. అలాంటి ఓడలో ఉండి నువ్వు నా మొగుడు ఏ రోజు ఎక్కడుంటాడో రాయమంటున్నావు. బయటివాడెవడైనా ఈ ఉత్తరం చదివితే ఏమనుకుంటాడో ఒక్కసారి ఆలోచించు.

అయినా అడిగావు గనక మీ బావ చెప్పింది రాస్తున్నాను. ఆ రెండు రోజులూ ఆయన పడమటి వైపు, తాబేళ్ళ దిబ్బ దగ్గర ఉంటాడు. మీరు తూర్పున పొడుగు దిబ్బకి వెళ్ళండి. అక్కడ ఎవరూ ఉండరు.

ఇంటికి వచ్చే వీలుంటే రా. పెండలం తురుముతో కసుఆమి ఆవిరి పెట్టి, పులుపెక్కువగా చేపల పులుసు చేస్తాను. ఓడలో వాళ్ళు నీకేం పెడుతున్నారో.

మీ అక్క
హస్నియా


వాంచి రేవు, ఓడ మీద నుంచి
17 అక్టోబరు 1995

అక్కకు,

నీ ఉత్తరం ఓడ ఎక్కుతుంటే చేతికందింది. బావకి నా తరఫున చెప్పు, ఆయన మాట మీదే నా దారి మార్చుకున్నాను. మామూలుగా తాబేళ్ళ దిబ్బకే వెళ్ళేవాళ్ళం. ఇరవై ఒకటిన పొద్దున్నే పొడుగు దిబ్బ దగ్గర దిగుతాం.

నువ్వు కోపంగా రాశావు. ఎందుకో నాకు అర్థం కాలేదు. రేడియో సంగతి రాసింది మీరు జాగ్రత్తగా ఉండాలని. ఓడలో తీరిక లేక తర్వాత తీరిగ్గా రాద్దామనుకున్నాను గానీ, ఇవాళ జరిగింది చెప్పాలి.

మధ్యాహ్నం నీళ్ళలో ఉండగా ఎక్కడో దూరంగా ఒకటి పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పైకి రాగానే కెల్నర్ అనే జర్మన్ ఆయన కెప్టెన్ మీద విరుచుకుపడ్డాడు. "ఇప్పుడే రేడియోలో పిలువు, నా కళ్ళ ముందు పిలువు" అన్నాడు. దాయెంగ్ నాబా నావైపు చూశాడు. "వాళ్ళు మనవాళ్ళే, వాంచి వాళ్ళో కలెదుపా వాళ్ళో. దూరంగా ఉన్నారు. వదిలెయ్యండి" అన్నాను. "ఇంకోసారి జరిగితే మాత్రం నీ మాట విననయ్యా" అన్నాడాయన. నేను సరేనన్నాను. మన దీవి దగ్గర జరగదని నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ధైర్యంగా అన్నాను.

ఇక్కడ ఓమా అని ఒకావిడ ఉంది. డచ్చి ఆవిడ, ఇన్నాళ్ళూ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. చిన్నప్పుడు జావాలో పెరిగిందట. మన అమ్మమ్మ మాట్లాడే పాతకాలం మలయ్ మాట్లాడుతుంది, వింటే నవ్వొస్తుంది. పెద్ద చేపలు ఆవిడకి అక్కర్లేదు. బొటనవేలంత రొయ్య కనిపిస్తే దాని ముందు మఠం వేసుక్కూర్చుంటుంది. నేను గాలి అయిపోతోందని సైగ చేస్తే, ఆగమని నాకే సైగ చేస్తుంది. మన భాషలో ప్రతిదాని పేరూ అడుగుతుంది. కొన్నింటికి నాకే తెలియదు. నిన్నడిగి చెప్తానన్నాను.

ఇరవై రెండున వీలు చూసుకుని వస్తాను. పులుపు ఎక్కువే వెయ్యి.

తమ్రిన్


తోమియా
19 అక్టోబరు 1995

తమ్రిన్,

ఇది చేతికందిన వెంటనే చదువు. పొడుగు దిబ్బకి వెళ్ళొద్దు.

నేను రాసింది నిజం కాదు. మీ బావ అక్కడే ఉంటాడు. తాబేళ్ళ దిబ్బ అని రాస్తే గస్తీ వాళ్ళు అక్కడికెళ్ళి వెతుక్కుంటారని అలా రాయించాడు. నేను రాశాను. నువ్వు గస్తీ వాళ్ళతో తాబేళ్ళ దిబ్బకే వస్తావని, పొడుగు దిబ్బ వైపు రావని నేనూ సగం నమ్మాను.

ఇవాళ పొద్దున పక్కింటి వా ఈజా వాంచి నుంచి వచ్చింది. బజార్లో నువ్వు కనిపించావట, ఆవిడ బస్తా నువ్వే పడవ దాకా మోసుకొచ్చావట. "గస్తీ లేదు, గిస్తీ లేదు. ఓడలో నెత్తి నెరిసిన తెల్లవాళ్ళున్నారు, ఒకావిడకి నా కంటే పెద్ద వయసు" అంది.

మీ బావకి చెబుదామంటే ఆయన నిన్ననే వెళ్ళిపోయాడు. పొడుగు దిబ్బ అవతల ఉప్పుగుట్ట అనే చిన్న దీవి మీద పాక వేసుకుని ఉంటాడు. అంత దూరం వెళ్ళే ఇంజను పడవ ఇవాళ ఊళ్ళో లేదు. మన ఊరి లా సైదీ తెరచాప పడవలో గాలి వాలున కలెదుపా వెళ్తున్నాడు. మీ ఓడ అక్కడుంటే ఇది నీ చేతికే ఇవ్వమని చెప్పాను, ఇంకెవరికీ ఇవ్వొద్దన్నాను.

నన్ను తర్వాత తిట్టు. ముందు అక్కడికి వెళ్ళకు.

హస్నియా


తోమియా
22 అక్టోబరు 1995

తమ్రిన్‌కు,

దీన్ని బౌబౌ ఆసుపత్రికి పంపిస్తున్నాను. నువ్వు అక్కడున్నావో లేదో, అసలు ఉన్నావో లేదో నాకు తెలియదు. ఉన్నావనుకునే రాస్తున్నాను.

నిన్న మిట్టమధ్యాహ్నం మీ బావ వచ్చాడు. బట్టలు తడిసి ఉన్నాయి, చొక్కా మీద నెత్తురు. ఆయనది కాదు. భుజం మాత్రం కమిలిపోయి చెయ్యి లేవడం లేదు. ఏమైందంటే పడ్డానన్నాడు. నీ సంగతి అడిగితే, "ఊపిరి ఉంది. ఓడ వాళ్ళు తీసుకున్నారు" అన్నాడు. అంతే. అప్పట్నుంచి గుమ్మంలో కూర్చున్నాడు. అన్నం పెడితే చూడడు, పిలిస్తే పలకడు.

మీ ఓడ ఆగకుండా పడమర వైపు పోవడం కొండ మీద కట్టెలు కొట్టేవాళ్ళు చూశారట. పైన ఇద్దర్ని పడుకోబెట్టి ఉన్నారన్నారు. ఎవరెవరని అడిగాను. అంత దూరం నుంచి మనుషులెవరో ఎలా తెలుస్తుంది అన్నారు.

లా సైదీ ఇందాకే వచ్చాడు. అతను వెళ్ళేసరికి మీ ఓడ కలెదుపా వదిలేసిందట. నా ఉత్తరం రేవులో ఇచ్చేసి వచ్చాడు. బౌబౌ వెళ్ళే పడవలో మీ ఓడ ఆఫీసుకి పంపిస్తామన్నారట.

వాంచి నుంచి నువ్వు రాసింది కూడా ఇవాళే వచ్చింది. పడవ ఇంజను చెడి రెండు రోజులు ఆలస్యమైందట. "ఆయన మాట మీదే నా దారి మార్చుకున్నాను" అని రాశావు. మీ బావకి అది చదవలేదు.

బతికి ఉంటే ఒక్క మాట రాయి. నువ్వు రాయలేకపోతే ఇంకెవరి చేతనైనా రాయించు.

అక్క


బౌబౌ ఆసుపత్రి
30 అక్టోబరు 1995

హస్నియా అక్కకు,

బతికే ఉన్నాను. రెండు చెవుల్లోనూ పొరలు చిరిగిపోయాయి. ఏమీ వినపడదు. ఛాతీలో నెత్తురు చేరితే తీశారు. ఇప్పుడు కూర్చోగలుగుతున్నాను. డాక్టరు, నర్సులు చెప్పాల్సింది కాగితం మీద రాసి చూపిస్తారు. చెవుల పొరలు మళ్ళీ అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు అని రాశాడు డాక్టరు. "ఇక లోతుకి దిగవద్దు" అని రాసి కింద గీత గీశాడు.

ఓమాని విమానంలో ఉజుంగ్ పాండాంగ్ పెద్దాసుపత్రికి పంపారు. ఒక చెవి పోయిందట, ప్రాణానికి భయం లేదట. ఆవిడ ఎప్పటిలాగే ఏదో చిన్న పురుగు ముందు కూర్చుని ఉంది. నేను తల పైకెత్తితే పడవ అడుగు కనిపించింది. నీలం రంగు, ముక్కు దగ్గర రేకు అతుకు. ఆ అతుకు వేసినప్పుడు పక్కనుండి మేకులు అందించింది నేనే. ఓమాని రాతి వెనక్కి తోశాను. నేను వెళ్ళేలోపే పేలింది. తర్వాత నాకేమీ గుర్తు లేదు.

మిగతాది మా ఓడ కుర్రాళ్ళు రాసి చూపించారు. బాంబు వేసినవాడు చచ్చిన చేపలు ఏరుకోవడానికి దూకాడట. నేను అడ్డొస్తే నన్ను పట్టుకుని లాగుతున్నాడట. తెడ్డుతో భుజం మీద ఒక్కటిచ్చి నన్ను విడిపించుకున్నారట. వాళ్ళకి అతనెవరో తెలియదు. నాకు తెలుసు.

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి, ఇరవై రెండున రాసింది ఆసుపత్రికి, అంతకు ముందుది ఆఫీసు నుంచి. వెళ్ళొద్దని రాసింది ఆసుపత్రి మంచం మీద చదువుకున్నాను.

బావని నేనేమీ అడగను. ఆయన నన్ను నమ్మలేదు, సరే. మా బుడగలు పైకి వస్తూనే ఉంటాయి కదా, ఆయన పుట్టిందే సముద్రం మీద, చూడలేదంటే నేను నమ్మను. చూసే వేశాడు. నిన్ను మాత్రం అడుగుతున్నాను. "అక్కడ ఎవరూ ఉండరు" అని నీ చేత్తో రాశావు. ఆ మాట రాసేటప్పుడు నీకు నేను గుర్తు రాలేదా?

పోలీసులు వచ్చి వెళ్ళారు. "పడవ ఎవరిది?" అని రాసి చూపించారు. తల తిరుగుతోందని పడుకున్నాను. మళ్ళీ వస్తామని రాశారు. ఈసారి నిజం రాసిస్తాను.

తమ్రిన్


తోమియా
6 నవంబరు 1995

తమ్ముడికి,

నువ్వడిగినదానికి ముందు జవాబు చెప్తాను. గుర్తొచ్చావు. గుర్తొచ్చి కూడా రాశాను. లా దిని పెళ్ళాం కూడా గుర్తొచ్చింది. నువ్వు చదువుకున్నవాడివి, ఓడ మీద ఉన్నవాడివి, నీకేమవుతుందిలే అనుకున్నాను.

నీ ఉత్తరం మీ బావకి మొత్తం చదివాను, ఒక్క ముక్క వదల్లేదు. "చూసే వేశాడు" అన్న చోట ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక మొదటిసారి నోరు తెరిచాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం.

"వాళ్ళ ఓడ ఉప్పుగుట్టకి అవతల ఆగి ఉండాలి, నాకు కనపడలేదు. దిబ్బ మీద చేపల మంద నల్లగా ఆడుతోంది. మందు కూరిన సీసాకి ఒత్తి అంటించాను. చెయ్యి ఎత్తాక చూశాను, పడవ పక్కనే బుడగలు. ఒకచోట కాదు, రెండు చోట్ల. తాబేలు అలా వదల్దు. అంటుకున్న ఒత్తిని ఆర్పలేం. చేతిలో ఉంచుకుంటే నేను పోతాను, పడవ కింద ఉన్నవాళ్ళూ పోతారు. వెనక్కి తిరిగి బలమంతా పెట్టి లోతు వైపు విసిరాను. అంత దూరమే వెళ్ళింది. పేలగానే దూకాను. మొదట దొరికింది నీ తమ్ముడే. మొహానికున్న అద్దం తీసేదాకా వాడని తెలియదు. పైకి తెస్తుంటే ఓడ వాళ్ళ చిన్న పడవ వచ్చింది. ముసలావిడ ఇంకా కింద ఉందని అరుస్తున్నాను, వాళ్ళకి నా మాట అర్థం కాలేదు. తెడ్డుతో కొట్టారు. కొట్టడం తప్పు కాదు. నేను మళ్ళీ మునిగి ఆవిణ్ణి వాళ్ళ పడవ దాకా తోసి, అప్పుడు వచ్చేశాను."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే నేనేదో మంచి చేసినట్టుంటుంది. ఒత్తి అంటించింది నేనే కదా" అన్నాడు.

ఆయన్ని కాపాడమని నేను అడగను. ఒక అబద్ధం రాసి చూశాను, చాలు. పోలీసులకి నువ్వు చూసింది చూసినట్టు రాసివ్వు. కానీ నువ్వు రాసేదాకా మీ బావ ఆగేలా లేడు. రేపటి పడవలో బౌబౌ వస్తున్నాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. ఈ ఉత్తరం నీకిచ్చేది ఆయనే.

తలుపు దగ్గర నిలబడి ఉంటాడు, లోపలికి రమ్మను. రమ్మనకపోయినా నేనేమీ అనుకోను.

అక్క


బౌబౌ
16 నవంబరు 1995

అక్కకు,

బావ ఎనిమిదో తారీకు పొద్దున్నే వచ్చాడు. నువ్వన్నట్టు తలుపు దగ్గరే నిలబడ్డాడు. పక్క మంచం వాళ్ళు నా భుజం తట్టి చూపించేదాకా నాకు తెలియలేదు. ఎంతసేపు నిలబడ్డాడో ఏమో. చూడగానే ఒళ్ళు మండింది. పొమ్మని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. పోలేదు. నీ ఉత్తరం నా మంచం మీద పెట్టి మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

చదివాను. నమ్మలేదు. కాగితం మీద "బుడగలు ఎప్పుడు చూశావు?" అని రాసి ఆయన మొహానికేసి పట్టుకున్నాను. దాన్ని చూసి తల దించుకున్నాడు. చదవలేడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఏదో చెప్పాడు, నాకు వినపడలేదు.

అప్పుడాయన నేల మీద గొంతుక్కూర్చున్నాడు, పడవలో కూర్చున్నట్టు. అగ్గిపుల్ల గీసినట్టు, ఒత్తి అంటించినట్టు చేశాడు. చెయ్యి ఎత్తాడు. కిందికి చూశాడు. అక్కా, ఆ మొహం నేను చూశాను. అబద్ధం ఆడేవాడికి అలాంటి మొహం రాదు. కూర్చున్నచోటే వెనక్కి తిరిగి విసిరాడు. కమిలిన భుజంతోనే విసిరాడు. తర్వాత ఆ చెయ్యి అలాగే పట్టుకుని నేల మీదికి ఒరిగిపోయాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఎముక విరిగి ఉందని, ఇన్నాళ్ళూ కట్టు కట్టించుకోలేదని డాక్టరు కోపంగా రాసి చూపించి కట్టు వేశాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కలిసి పోలీస్ ఠాణాకి వెళ్ళాం. ఆయనే చెప్పుకున్నాడు. నేను చూసింది నేను రాసిచ్చాను. నీలం పడవ అని రాశాను, రేకు అతుకు అని రాశాను, లోతు వైపు విసిరాడన్న ఆయన మాట నమ్ముతున్నానని కూడా రాశాను. తర్వాత ఓమా ఉజుంగ్ పాండాంగ్ నుంచి తన చేత్తో రాసి పంపింది. నీళ్ళలో తనని ఒక మనిషి ఒంటిచేత్తో పైకి తోశాడనీ, ఓడ వాళ్ళలో ఎవరూ తడవలేదనీ రాసింది. దాయెంగ్ నాబా అది చదివి కుర్రాళ్ళని పిలిచి అడిగితే, ఆవిణ్ణి తెచ్చింది తాము కొట్టిన మనిషేనని వాళ్ళు ఒప్పుకున్నారు.

అయినా జైలు తప్పదు. ఎన్నాళ్ళో ఇంకా తేలలేదు. పడవ మాత్రం తగలబెట్టరట, స్వాధీనం చేసుకుంటారట. లోపలికి తీసుకెళ్ళే ముందు బావ నా చెంప మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. పక్కనున్న పోలీసతన్ని రాసి చూపించమన్నాను. "మీ అక్క ఒక్కతే ఉంటుంది" అని రాశాడు.

ఓడ పని పోయింది. ఏం చెయ్యాలో ఇంకా ఆలోచించలేదు. గాలం వెయ్యడానికి చెవులతో పని లేదు కదా.

నా కోపం పోలేదక్కా. నువ్వు రాసిన ఆ మాట కళ్ళు మూసుకుంటే కనిపిస్తోంది. కానీ ఇక్కడ కూర్చుని కోపగించుకుంటే నీకు తెలియదు. అందుకే వస్తున్నాను, ఎదురుగా కూర్చునే కోప్పడతాను. వచ్చే గురువారం పడవ. ఒడ్డు మీద నుంచి పిలిస్తే నాకు వినపడదు. నీళ్ళలోకి దిగి నిలబడు, నేను చూస్తాను.

తమ్రిన్